సన్యాసి పీత సంసారం

పాఠ్యభాగ పరిచయం

ఒక ప్రాణిని పెంచడమంటే దానిని మన దగ్గర ఉంచుకోవడం మాత్రమే కాదు. దాని సహజావాసాన్ని సాధ్యమైనంతవరకు దానికి తిరిగి కల్పించడం. ఈ సత్యాన్ని ఒక చిన్న జీవి ఆధారంగా వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

సిద్దిపేట ప్రాంతపు విద్యార్థులకు ఎండ్రకాయ కొత్తది కాదు. వరిమళ్ళ గట్లమీద, చెరువు కట్టల కింద అది తొలిచిన బొరియలు వారికి సుపరిచితాలే. ఈ మంచినీటి ఎండ్రకాయకు సముద్రంతో నిమిత్తం లేదు. దాని గుడ్ల నుండి వెలువడేవి చిన్నచిన్న ఎండ్రకాయలే. తల్లి వాటిని కొంతకాలం తన పొట్టకింద మోస్తుంది. పుట్టుక మొదలు చావు వరకు దాని జీవితం ఆ పొలంలోనే గడుస్తుంది.

సముద్రతీరంలో దీనికి దూరపు బంధువు ఒకటి ఉంది. అదే సన్యాసి పీత. దాని శరీరంలో ముందుభాగం గట్టిది. వెనుకభాగం మెత్తనిది, ఒక పక్కకు మెలితిరిగినది. ఆ మెత్తని భాగాన్ని కాపాడుకోవడానికి అది చనిపోయిన నత్తల గుల్లలలో దూరి, ఆ గుల్లను మోసుకొని తిరుగుతుంది. గుహలో ఒంటరిగా ఉండే మునిని తలపిస్తుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది. పేరుకు సన్యాసియే గాని, నేలమీద నివసించే జాతులు గుంపులుగానే బ్రతుకుతాయి. శరీరం పెరిగినకొద్దీ పెద్ద గుల్ల కావాలి. ఒక మంచి గుల్ల దొరికితే చిన్నా పెద్దా పీతలు వరుసగా నిలిచి, ఒకటి విడిచిన ఇంట్లోకి మరొకటి మారుతాయి.

కౌపీనాన్ని కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లి పాలకోసం ఆవును, ఆవును చూడడానికి ఇల్లాలిని తెచ్చుకొన్న సన్యాసి కథ మనకు తెలిసినదే. ఈ పీతను ఇంటికి తెచ్చినవారి స్థితి కూడా అటువంటిదే.

ముందుగా గ్రహించవలసినది ఒకటి ఉంది. విశాఖపట్నం విహారయాత్రలో రాళ్ళ నడుమ నీటి గుంటలలో కనిపించేవి నీటి సన్యాసి పీతలు. వాటిని సీసాలో వేసుకొని బయలుదేరితే, దారిలోనే నీరు వేడెక్కి, ప్రాణవాయువు తగ్గి చనిపోతాయి. ఇళ్ళలో సాధారణంగా పెంచేవి నేల సన్యాసి పీతలు. మన దేశంలో అండమాన్, లక్షద్వీప దీవులలో ఇవి ఉన్నాయి. వీటి మొప్పలు గాలిని పీల్చుకోవడానికి అనువుగా మారినవి. కాని అవి నిత్యం తడిగా ఉండాలి. నీటిలో ఎక్కువసేపు మునిగితే ఈ పీత చనిపోతుంది. పొడిగాలిలోనూ ఊపిరాడక మెల్లమెల్లగా చనిపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటి వడగాలులు వీచే సిద్దిపేటలో దీనికి మొదటి గండం గాలియే.

కనుక తీగల పంజరం పనికిరాదు. మూతగల గాజు తొట్టి కావాలి. లోపలి గాలిలో తేమ 75 నుండి 85 శాతం, ఉష్ణోగ్రత 24 నుండి 29 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అడుగున 5 పాళ్ళు శుభ్రమైన ఇసుక, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి, పిడికిట పట్టితే ముద్దగా నిలిచేంత తడిపి, కనీసం ఆరంగుళాల లోతున పరచాలి.

ఈ లోతుకు కారణం నిర్మోచనం. పెరిగే పీత పాత పైపెంకును విడవడానికి తడి ఇసుకలో పూడుకొని వారాల తరబడి, ఒక్కొక్కసారి రెండు నెలల వరకు, బయటికి రాదు. విడిచిన పెంకును తానే తిని సున్నపు పదార్థాన్ని తిరిగి పొందుతుంది. చనిపోయిందని భ్రమించి దానిని తవ్వి తీసినవారే దాని చావుకు కారకులవుతారు.

నీటి పాత్రలు రెండు ఉండాలి. ఒకదానిలో క్లోరిన్ తొలగించిన మంచినీరు, మరొకదానిలో అక్వేరియం కోసం తయారైన సముద్రపు ఉప్పు కలిపిన నీరు పోయాలి. వంటింటి ఉప్పు వాడరాదు. పండ్లు, కొబ్బరి, ఎండిన ఆకులు, ఉప్పు వేయని ఎండుచేప దీని ఆహారం. సున్నం కోసం సముద్రపు నురగ గాని, గుడ్డుపెంకుల పొడి గాని పెట్టాలి. పీత ఒక్కింటికి మూడు నుండి ఐదు వరకు వేర్వేరు పరిమాణాల ఖాళీ గుల్లలు ఉంచాలి. రంగులు పూసిన గుల్లలు కంటికి ఇంపుగా ఉన్నా, ఆ రంగు పెచ్చులూడి పీత కడుపులోకి పోతుంది.

ఇన్ని చేసినా మనం ఇవ్వలేనిది ఒకటి మిగులుతుంది. అది సముద్రం. తల్లి తన గుడ్లను అలల అంచున విడుస్తుంది. పిల్లలు మొదట సముద్రజలంలో తేలియాడే డింభకాలు. అనేక దశలు దాటిన తరువాతనే నేలకు వస్తాయి. కనుక తొట్టిలో వీటి సంతానోత్పత్తి అత్యంత అరుదు. అంగడిలో అమ్మే పీతలన్నీ దాదాపుగా తీరం నుండి పట్టి తెచ్చినవే. ముప్పై ఏళ్ళకు పైగా బ్రతకగల ఈ జీవి అజాగ్రత్త వల్ల కొద్ది నెలలలోనే కన్నుమూస్తుంది.

మనం ముచ్చటపడి ఏరుకొచ్చే ప్రతి గుల్లా ఒక పీతకు ఇల్లు కావలసినదే. 2024లో పోలండ్ శాస్త్రజ్ఞులు ప్రజలు తీసిన ఛాయాచిత్రాలను పరిశీలించి, సీసా మూతల వంటి చెత్తను గుల్లగా ధరించిన 386 పీతలను గుర్తించారు. నేల సన్యాసి పీతల 16 జాతులలో 10 జాతులు ఇటువంటి ఇళ్ళలో కనిపించాయి.

ఇప్పటికే పీతను పెంచుతున్నవారు పై నియమాలన్నీ పాటించాలి. కొత్తగా తేదలచినవారు ఒకసారి ఆలోచించాలి. గుల్లను తీరంలోనే విడిచిపెట్టడం, చెత్తను మాత్రం తీసివేయడం సన్యాసి పీతకు మనం చేయగల పెద్ద ఉపకారం. పీతల జీవితం చూడాలన్న కోరిక ఉంటే, మన పొలంగట్టు బొరియ ముందు కాసేపు కదలకుండా కూర్చుంటే చాలు. ఆ ఇంటిని మనం కట్టనక్కరలేదు. పాడుచేయకుండా ఉంటే చాలు.

కఠిన పదాలకు అర్థాలు

నిమిత్తం = సంబంధం
కౌపీనం = గోచి
నిర్మోచనం = పాత పైపెంకును విడవడం
డింభకం = గుడ్డు నుండి వెలువడిన తొలిదశ జీవి

వ్యాకరణం

సహజావాసం = సహజ + ఆవాసం – సవర్ణదీర్ఘ సంధి
సంతానోత్పత్తి = సంతాన + ఉత్పత్తి – గుణసంధి
ఆరంగుళాలు = ఆరు + అంగుళాలు – ఉత్వసంధి
సముద్రతీరం = సముద్రం యొక్క తీరం – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

1. నేల సన్యాసి పీతకు ఆరోగ్యకరమైన ఆవాసాన్ని ఏర్పరచే విధానాన్ని వివరించండి.
2. మంచినీటి ఎండ్రకాయకు, సన్యాసి పీతకు గల భేదాలను తెలపండి.
3. నిర్మోచన సమయంలో పీతను ఎందుకు కదిలించరాదు?
4. ‘ఆ ఇంటిని మనం కట్టనక్కరలేదు, పాడుచేయకుండా ఉంటే చాలు.’ – సందర్భాన్ని వ్రాసి వ్యాఖ్యానించండి.