స్మార్ట్‌ఫోనుతో తెఱచు లాకరులు

పాఠశాలలలో పుస్తకములు దాచుకొనుటకు స్మార్ట్‌ఫోనుతో తెఱచు లాకరు లిపుడు దొరకుచున్నవి. వీనిలో పెక్కింటికి బ్లూటూతే యాధారము. 2010లో వెలువడిన బ్లూటూత్ 4.0 స్వల్పవిద్యుత్తుతో పనిచేయును గనుక చిన్న బ్యాటరీతోనే తాళము నెలల తరబడి నడచును. ఫోను రహస్యసంకేతమును పంపును. తాళము దానిని సరిచూచి, లోనున్న చిన్న మోటారుచే గడియను లాగును.

కొనువారు తఱచు వెలను, రంగును చూతురు. రంగు పుస్తకములను కాపాడదు గదా! మొదట నడుగవలసిన ప్రశ్న వేఱు. ఫోను లేని విద్యార్థి యేమి చేయును? ఫ్రాన్సు దేశమున 2018 నాటి చట్టము ప్రాథమిక, మధ్యమ పాఠశాలలలో, కొన్ని మినహాయింపులతో, ఫోను వాడుకను నిషేధించినది. అట్టిచోట ఫోనే తాళపుచెవియైన పెట్టె పిల్లలకు నిరుపయోగము. నిషేధము లేనిచోటను బీదవిద్యార్థి తన పుస్తకముకొఱకు తోడివాని ఫోనును యాచింపవలసి వచ్చును. కావున అంకెల మీటలచేగాని కార్డుచేగాని కూడ తెఱచుకొను తాళమునే యెన్నుకొనవలెను.

బ్యాటరీ యుడిగినపుడు వెలుపలినుండి విద్యుత్తు నందించు మార్గమును, ఉపాధ్యాయునికడ మామూలు తాళపుచెవియు నుండవలెను. లేనిచో పరీక్షదినమున హాలుటిక్కెట్టు లోపల, విద్యార్థి వెలుపల!

ఏ పెట్టె యెపుడు తెఱవబడెనో కొన్ని తాళములు నమోదు చేసికొనును. ఆ లెక్కను ఎవరు చూడవచ్చునో, ఎంతకాల ముంచవలెనో, వెల చెల్లింపకముందే వ్రాతమూలకముగా నిర్ణయించుకొనవలెను.