చలనచిత్ర వాహనములను పాత్రధారణ క్రీడకు మలచుకొనుట

వాహనములు ఒకదాని వెంట నొకటి పరుగిడు ఘట్టములు చలనచిత్రములందు బాలబాలికల మనస్సులను ఆకర్షించుట సహజము. చిత్రము ముగిసిన పిమ్మట ఆ వాహనమును గూర్చి రెండు దినములు చెప్పుకొందుము, తరువాత మరచిపోవుదుము. అట్లు మరచిపోక, నలుగురు మిత్రులు బల్ల చుట్టు కూర్చుండి ఆడు పాత్రధారణ క్రీడలోనికి దానిని తెచ్చుకొనవచ్చును. కాగితము, పెన్సిలు, రెండు పాచికలు తప్ప వేరు వ్యయము లేదు. ఆ మార్పు ఎట్లు చేయవలయునో, చేయునపుడు దేనిని విడిచి దేనిని గ్రహింపవలయునో ఈ వ్యాసమున విచారింతము.

పాత్రధారణ క్రీడ యననేమి? ఇది 1974వ సంవత్సరమున అమెరికా దేశమున గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు రచించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తో ప్రసిద్ధి కెక్కినది. ఆడువారిలో నొకరు సూత్రధారుడు. అతడు స్థలమును, సందర్భమును వర్ణించును. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరించి, 'నేనిట్లు చేయుదును' అని చెప్పుదురు. ఆ పని నెరవేరునో లేదో సందేహము కలిగినపుడు పాచికలు వేసి తేల్చుకొందురు. గెలుపోటములకంటె కథ నడచుటయే ఇందు ముఖ్యము.

ఇట్టిది మనకు బొత్తిగా క్రొత్త కాదు. మా జనగామకు చేరువనున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు పొడవైన బట్టపై పురాణగాథలను వరుసగా చిత్రింతురు. కథకులు ఆ పటమును విప్పుచు, బొమ్మలు చూపుచు, గ్రామములందు కథ చెప్పెడివారు. బొమ్మ, మాట, వినువారి ఊహ అను మూడును పటమునందును గలవు, క్రీడయందును గలవు. భేద మొక్కటే. పటములోని కథ ముందే చిత్రింపబడియున్నది. క్రీడలోని కథ పటము విప్పుచుండగా చిత్రింపబడును.

చలనచిత్రము ఈ విషయమున చేర్యాల పటము వంటిదే. 2015లో వచ్చిన 'బాహుబలి' యందు భల్లాలదేవుని రథము తన ముందు తిరుగు కత్తులతో శత్రుసైన్యమును కోయుచు పోవును. దాని చక్రము విరుగునేమో యను శంక ప్రేక్షకునకు కలుగదు. దర్శకుడు కోరినంత దూరము అది పోవలసినదే. క్రీడలో నట్టి అభయము లేదు. ప్రతి మలుపునందును 'ఇది నెరవేరునా?' యను ప్రశ్న పుట్టవలయును. కావున చిత్రము మన కంటికి మరుగుపరచిన సంగతులే క్రీడకు ప్రాణము. అవి మూడు: వాహనపు బరువు, దాని లోపము, దారిలో నున్నవారికి కలుగు నష్టము.

మొదటిది బరువు. 2024 జూన్ 27వ తేదీన విడుదలయైన 'కల్కి 2898 ఏడీ' చిత్రమున ప్రభాస్ ధరించిన భైరవ పాత్రకు బుజ్జి యను మాటలాడు వాహనము తోడుగా నున్నది. దర్శకుడు నాగ్ అశ్విన్ దానిని కేవలము బొమ్మగా నుంచక, మహీంద్రా వారి యొక్కయు, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ వారి యొక్కయు సహాయముతో నిజముగా నడచునట్లు చేయించెను. అదే యేడు మే నెలలో రామోజీ ఫిల్మ్ సిటీలో దానిని ప్రజలకు చూపిరి. ముందు రెండు పెద్ద చక్రములు, వెనుక నొకటి, నడచునది విద్యుత్తుతో, బరువు సుమారు 6 టన్నులు, ప్రకటింపబడిన శక్తి 94 కిలోవాట్లు. విద్యార్థులు ఇచ్చట భాగహారము చేసి చూడవలయును. టన్నుకు వచ్చు శక్తి 16 కిలోవాట్లకు లోపే. ఒక టన్ను బరువును 60 కిలోవాట్ల శక్తియు గల చిన్న కారునకు టన్నుకు దీనికంటె నాలుగు రెట్లకు కొంచెము తక్కువగా శక్తి యుండును. తెరపై మెఱుపువలె దూకునది నేలపై ఏనుగు వంటిదన్నమాట. ఇది నింద కాదు. ఏనుగు పని ఏనుగునకు, గుఱ్ఱము పని గుఱ్ఱమునకు గలదు. అందుచే క్రీడలో బుజ్జికి దార్ఢ్యమును హెచ్చుగాను, మలుపునకు లొంగు గుణమును తక్కువగాను ఇచ్చుట న్యాయము.

రెండవది లోపము. మహాభారతమున కర్ణుని రథ మెంత వేగము గలదో మనకు జ్ఞాపకముండదు. దాని చక్రము నేలలో క్రుంగుట మాత్ర మెవ్వరును మరువరు. అర్జునునిపైకి నాగాస్త్రము వచ్చుచుండగా శ్రీకృష్ణుడు రథమును నేలకు అణచెను. అస్త్రము కిరీటమును కొట్టి పోయెను. ఒక రథము లోపముచేతను, మరియొక రథము సారథి సమయస్ఫూర్తిచేతను కథలో నిలిచినవి. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' ను చూడుడు. అందలి కాలయంత్రము జనులను 1526వ సంవత్సరమునకు, శ్రీకృష్ణదేవరాయల కాలమునకు చేర్చి, మరలునపుడు దారితప్పి 2504వ సంవత్సరమునకు కొనిపోవును. యంత్రము చెప్పినట్లు నడచియుండినచో కథలో సగము లేకయే పోవును. లోపము లేని వాహనము బల్లమీద మూడు నిమిషములలో విసుగు పుట్టించును.

ఇక నియమములు. 1981లో అమెరికాలో వెలువడిన 'కార్ వార్స్' అను క్రీడలో ధనము, బరువు, చోటు అను హద్దులకు లోబడి వాహనమును అమర్చుకొనవలయును. 1983 నాటి జేమ్స్ బాండ్ పాత్రధారణ క్రీడలో తరుముట వేలముపాటవలె సాగును. మరింత కష్టమైన విన్యాసమునకు సాహసించు పక్షమునకు చొరవ దక్కును. ఈ రెండింటి సారమును గ్రహించి, మన విద్యార్థులకు అనువగు సులభ పద్ధతి నొకదానిని మేము కూర్చితిమి.

ప్రతి వాహనమునకును వేగము, దార్ఢ్యము, లొంగుబాటు అను మూడు గుణములు. మూటికిని కలిపి 10 అంకములు మాత్రమే పంచవలయును. పిమ్మట ఒక విశేషమును, ఒక లోపమును వ్రాయవలయును. బుజ్జికి వేగము 3, దార్ఢ్యము 5, లొంగుబాటు 2. విశేషము: మాటలాడు యంత్రబుద్ధి, ఆట కొకమారు పాచికలు మరల వేయనిచ్చును. లోపము: ఇరుకు సందులలో దూరజాలదు. దొంగల మోటారు సైకిలునకు వేగము 4, దార్ఢ్యము 2, లొంగుబాటు 4. విశేషము: సందులలో దూరుట. లోపము: కొద్ది తాకిడికే మనిషి పడిపోవుట.

అడ్డు లేని దారిలో వేగము హెచ్చైన పక్షము ఒక అడుగు సంపాదించును. అడ్డు వచ్చినపుడు ఇరుపక్షములును రెండేసి పాచికలు వేసి, లొంగుబాటును కలుపుకొనవలయును. మొత్తము 10 గాని, అంతకు మించి గాని యైనచో ఒక అడుగు ముందుకు పోవుదురు; లేనిచో నిలిచిపోయి, దార్ఢ్యమున ఒకటి కోల్పోవుదురు. రెండు పాచికలు 36 విధములుగా పడును. బుజ్జికి 8 పడవలయును గనుక 15 విధములు అనుకూలము; మోటారు సైకిలునకు 6 చాలును గనుక 26 విధములు అనుకూలము. సారథి సాహసించి '12 సాధింతును' అని పందెము కట్టిన, గెలిచినచో రెండడుగులు. కాని బుజ్జికి అపుడు 6 విధములే మిగులును.

ఒకడు నడుపుచుండ తక్కిన ఇద్దరు గోళ్లు గిల్లుకొనుచు కూర్చుండిన అది క్రీడ కాదు. కావున వాహనమున ఒకరు సారథి, ఒకరు మార్గదర్శి, ఒకరు మరమ్మతుకాడు కావలయును. మార్గదర్శి రాబోవు అడ్డును ఊహించి తగిన ఉపాయము చెప్పినచో సారథి మొత్తమునకు 1 కలియును. అంతమాత్రమున బుజ్జికి అనుకూలమైన విధములు 15 నుండి 21కి పెరుగును. మరమ్మతుకాడు ఒక అడుగును వదలుకొని పోయిన దార్ఢ్యములో ఒకటిని నిలువబెట్టును. స్నేహితుని మాట విలువ ఎంతయో అంకెలలో కనబడుట ఈ క్రీడయందలి విశేషము.

మూడవదియగు నష్టమును ఉదాహరణముతో చెప్పుదుము. కథకు పరదేశపు బాటలు వెదుకనక్కరలేదు. ఆలేరు నుండి కాజీపేట వరకు మన దారిని ఐదు భాగములు చేయుడు: రథములకు లోహపు రేకులు తొడిగిన పనివారి ఊరగు పెంబర్తి మొదటి మజిలీ; పిమ్మట జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘనపూర్; తుదకు కాజీపేట. దొంగలు 3 అడుగులు ముందున్నారు. జనగామ మార్కెట్టు చెంత ప్రత్తి బస్తాల లారీలు అడ్డు. రఘునాథపల్లి దాటిన పిమ్మట దారిలో సగము మేర వడ్లు ఆరబోసియున్నవి. మోటారు సైకిలు అంచునుండి తప్పించుకొని పోయినది. 6 టన్నుల బుజ్జి పోవలెనన్న వడ్లమీదుగానే పోవలయును.

చలనచిత్రములో బండ్లు బోర్లపడును, అంగళ్లు కూలును. అవి ఎవరివని అడుగువారు లేరు. బల్లవద్ద సూత్రధారుడు ఇట్లనును: "రైతు చేత పార పట్టుకొని మీ వంకనే చూచుచున్నాడు. ఏమి చేయుదురు?" మేము ఆడి చూచినపుడు ఈ చోటనే పాచికలు నిలిచిపోయినవి. సారథి తొక్కించి పోవుదమనెను. మార్గదర్శి వెనుకకు మరలుదమనెను. మరమ్మతుకాడైన బాలుడు, "మా తాత గారును ఇట్లే ఆరబోయుదురు" అని మెల్లగా అనెను. తుదకు ముగ్గురును దిగి, వడ్లు ఒక ప్రక్కకు ఎత్తిపోసి, రెండడుగులు పోగొట్టుకొనిరి. ఆనాడు దొంగ దొరకలేదు. కాని ఆ రైతు చూపిన డొంకదారిలో తరువాతి ఆట మొదలగునని అందరికిని తెలిసిపోయినది. తొక్కించి పోవుటయు నియమవిరుద్ధము కాదు. అట్లు పోయినచో, మరలివచ్చునపుడు ఆ యూరిలో మంచినీళ్లిచ్చువారు కూడ నుండరని సూత్రధారుడు గుర్తుంచుకొనవలయును.

చదువరులలో ఈ క్రీడను ఆడగోరువారికి మా సలహా యిది. చిత్రము చూచి వచ్చినపుడు వాహనపు బలమును ముందుగా వ్రాయకుడు. అది అందరికిని తెలిసినదే. ముందు దాని లోపమును వ్రాయుడు. పిమ్మట దానిలో కూర్చుండు ముగ్గురికి మూడు పనులు వ్రాయుడు. కడపట దాని దారిలో ఎవరి వడ్లు ఆరుచున్నవో వ్రాయుడు. ఈ సాహసములన్నియు బల్లమీదనే జరుగవలయునని, నిజమైన రోడ్డుమీద వీని ననుకరింపరాదని వేరుగ చెప్పనక్కరలేదు. బల్లమీద వాహనము విరిగినచో మరమ్మతునకు పెన్సిలు చాలును.