పాత కారుకు కొత్త స్పీకరు

బాలలూ! మీ ఇంట్లో పాత మారుతి 800 ఉందనుకోండి. 1983లో వచ్చి, 2014లో తయారీ ఆగిపోయిన బుల్లి కారది. దాని స్పీకరులో కాగితపు శంకువు చిరిగి గరగరమంటోంది. కొత్తది ఎంచుకోవడమెలా?

ముందుగా స్పీకరు అమరే రంధ్రం వ్యాసం, లోతు కొలవండి. పెట్టెమీది వాట్లు చూసి మురిసిపోకండి. అవి స్పీకరు తట్టుకోగల శక్తిని మాత్రమే తెలుపుతాయి. వెనుక రాసిన ఓమ్‌లు చూడండి. పాతది 4 ఓమ్‌లైతే కొత్తదీ 4 ఓమ్‌లదే తీసుకోవాలి. ఎందుకని? ఓమ్ నియమం గుర్తుందా? వోల్టేజి మారకుండా నిరోధం సగమైతే విద్యుత్ ప్రవాహం రెట్టింపవుతుంది. 2 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే రేడియో సెట్టు వేడెక్కి చెడిపోవచ్చు. రెండు 4 ఓమ్‌ల స్పీకర్లను సమాంతరంగా కలిపినా ఇదే ప్రమాదం. మొత్తం 2 ఓమ్‌లే కదా!

ఇప్పుడొక ప్రయోగం. సెట్టుకు కలపని స్పీకరు తీసుకోండి. టార్చి సెల్లు ధనధ్రువాన్ని దాని + కొనకు, రుణధ్రువాన్ని − కొనకు తీగలతో క్షణంసేపు తాకించండి. 'టక్' మని శంకువు ముందుకు కదులుతుంది. తీగలు తారుమారు చేస్తే వెనక్కి పోతుంది. కారులోని రెండు స్పీకర్లలో ఒకదానికే తీగలు తారుమారైతే, ఒకటి గాలిని నెడుతుంటే రెండవది లాగుతుంది. అప్పుడు మృదంగనాదం వంటి మంద్రధ్వనులు అణగిపోతాయి.

అందుచేత ధర అడిగే ముందు మూడు చూడండి: కొలత, ఓమ్‌లు, + − గుర్తులు.