పురుగుల ఇంటికి సోలార్: కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క



ఈ వారం పాఠం సోలార్ గురించి. మిద్దె మీద పలకలు వేస్తే పురుగుల ఇంటికి ఇంక దిగులు లేదని చాలామంది అనుకుంటున్నారు. మేమూ అట్లే అనుకున్నాం.

కిందటేడు ధనుర్మాసం చలిలో చాకీ రెండో దశలో ఉండగా రాత్రి 11 గంటలకు కరెంటు పోయింది. రూమ్ హీటర్ ఆగింది. మిద్దె మీద సోలార్ ఉన్నా ఒక్క బల్బు వెలగలేదు. పురుగులకు చలి తగులుతుందని బొగ్గుల కుంపటి లోపల పెట్టి, తలుపులు, కిటికీలు మూసి ఆకు వేస్తూ కూర్చున్నాం. గంటన్నరకు మా ఇంటామెకు తల తిరిగి వాంతి అయింది. బయటి గాలికి తెచ్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయినాం. కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వల్ల అని డాక్టరు చెప్పినారు. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనపడకపోయినా అది ఉంటుంది. నిద్రలో ఉన్న మనిషైతే లేవకుండానే పోవచ్చు. దేవుడి దయ, ఆమె కోలుకుంది.

ఆ రాత్రి తర్వాత నలుగురిని అడిగి, లెక్క వేసుకుని తెలుసుకున్న సంగతులు ఇవి.

1. సోలార్ రెండు రకాలు

బిల్లు తగ్గించేది ఒకటి, కరెంటు పోయినప్పుడు ఆదుకునేది ఇంకొకటి. లైనుకు కలిపి బ్యాటరీ లేకుండా వేసింది మొదటి రకం. లైన్లో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదని అట్లా చేసినారు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇళ్లకు 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ పెట్టినారు. ఇంటి బిల్లుకు అది మంచిదే. రాత్రి కోతకు మాత్రం బ్యాటరీ ఉండాల్సిందే. కొనేటప్పుడు "కరెంటు పోతే ఇది నడుస్తుందా?" అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

2. వెలుగు వేరు, వేడి వేరు

9 వాట్ల ఎల్ఈడీ బల్బులు 4, తక్కువ కరెంటు తినే 30 వాట్ల ఫ్యాన్లు 2, అన్నీ కలిపి 100 వాట్ల లోపే. 8 గంటలు నడిస్తే ముప్పావు యూనిట్. అదే 1500 వాట్ల హీటర్ 8 గంటలు ఆగకుండా నడిస్తే 12 యూనిట్లు! 1 కిలోవాట్ పలకలు మంచి ఎండ రోజున ఇచ్చేది సుమారు 4 యూనిట్లు. 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీ నిండా ఉంటే 1.8 యూనిట్లు. అందులో సగం వాడుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. అంటే ఒక బ్యాటరీ బల్బులను, ఫ్యాన్లను రాత్రంతా మోస్తుంది, హీటర్‌ను మాత్రం అరగంట మోసేసరికే అలసిపోతుంది. హీటర్‌ను ఇన్వర్టర్‌కు తగిలించవద్దు.

3. మరి వేడి ఎట్లా?

చాకీకి 27-28 డిగ్రీలు కావాలి. పెద్ద షెడ్డు అంతా వేడి చేయడం దండగ. చిన్న గది చాలు. పైన రేకులుంటే కింద సీలింగు కొట్టించండి, తలుపు సందులు మూయండి. అయితే పురుగుకూ గాలి కావాలి కాబట్టి ఆకు వేసే అరగంట ముందు పైకాగితం తీయడం మరవద్దు.

కరెంటు లేని రాత్రికి మేము వాడేది సోలార్ గీజరు నీళ్లు. సాయంత్రం వేడినీళ్లు పట్టి, మూత గట్టిగా ఉన్న డ్రమ్ముల్లో పోసి చాకీ గదిలో పెడతాం. 100 లీటర్ల నీళ్లు 60 డిగ్రీల నుంచి 30కి చల్లారేలోపు మూడున్నర యూనిట్ల వేడి గదికి ఇస్తాయి. డ్రమ్ములు తట్టలకు ఆనించకండి, దగ్గరి పురుగు ఉడికిపోతుంది. గోడకు థర్మామీటరు తప్పకుండా ఉండాలి.

చాకీ కేంద్రం దగ్గర్లో ఉంటే రెండో జ్వరం దాటిన పురుగులు తెచ్చుకోవడం ఇంకా మేలు. పదిమంది రైతుల పురుగులకు ఒకే గది వేడి సరిపోతుంది. మన ఇంట్లో పెద్ద పురుగుకు 24-25 డిగ్రీలు చాలు.

4. పలకలు, బ్యాటరీ

పలకలు దక్షిణం వైపు వాలి ఉండాలి. కొబ్బరి చెట్టు నీడ కొంచెం పడినా కరెంటు తగ్గుతుంది. దుమ్ము, సున్నం పొడి పడితే ఎండ ఎక్కకముందే నీళ్లతో కడగండి. బ్యాటరీ పురుగుల గదిలో వద్దు, గాలి ఆడే చోట పెట్టండి. డిస్టిల్డ్ నీళ్లు తగ్గకుండా చూడండి. పాత బ్యాటరీ చెత్తకుప్పలో వేయకుండా అంగడికే తిరిగి ఇవ్వండి.

ఈ వారం పని: మీ పురుగుల ఇంట్లో ఉన్న ప్రతి బల్బు, ఫ్యాను, హీటరు వాట్లు ఒక కాగితం మీద రాయండి. ఎన్ని గంటలు నడుస్తాయో పక్కన రాయండి. వాట్లను గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. ఆ కాగితం చేతిలో పెట్టుకునే సోలార్ అంగడికి పోండి.

కుంపటి సంగతి మాత్రం వారం దాకా ఆగవద్దు. ఈ రాత్రికే బయట పెట్టేయండి. పంట పోతే రెండు నెలలకు ఇంకో పంట వస్తుంది.