తెల్లదోమ దోమేనా?

పురుగు ఫొటో చూపి పేరడిగితే ముందు రెక్కలు లెక్కపెట్టండి. ఈగకూ దోమకూ రెక్కలు రెండే. వెనుక రెక్కల చోట గుండుసూదుల వంటి చిన్న అవయవాలుంటాయి. పత్తి ఆకు అడుగున రసం పీల్చే తెల్లదోమకు నాలుగు రెక్కలు, వాటిమీద తెల్లని మైనపు పొడి. కనుక అది దోమ కాదు, పేనుబంకకు చుట్టం!

1980వ దశకం మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిరైతును దెబ్బతీసింది ఇదే. కాయతొలుచు పురుగుకని పదేపదే చల్లిన మందులకు తెల్లదోమను తినే మిత్ర పురుగులు చచ్చాయి. ఇది పెచ్చుపెరగడానికి అదొక ముఖ్య కారణం.

ఆఫ్రికాలో కర్రపెండలానికి వైరస్ తెగులు అంటించే తెల్లదోమా, మన పత్తిమీది తెల్లదోమా ఫొటోలో ఒక్కలాగే ఉంటాయి. తేడా తేల్చేది డి.ఎన్.ఎ. పరీక్షే. అందుచేత ఫొటో చూసి కుటుంబం చెప్పండి. జాతి పేరు చెప్పేముందు ఆగండి.