పిచ్చుకకు వేయదగిన గింజ

వరికోత ముగియగానే మంచి కంకులు ఏఱి కుచ్చుగా అల్లి, వసారా చూరునకో గుడి మంటపమునకో వ్రేలాడదీయుట మన పల్లెలలో పాత ఆచారము. పట్టణములందు దానికి బదులు పళ్లెములలో గింజలు పోయుచున్నారు. మిరపకాయలకును ఉల్లిగడ్డలకును పేరుపొందిన మలక్‌పేట గంజునకు సరకు తెచ్చిన రైతు చుట్టుప్రక్కల డాబాలవంక చూచినచో, పోసిన జొన్నలను, మొక్కజొన్నలను పావురములు గుంపులుగా వచ్చి మ్రింగుచుండుట కనబడును. పిచ్చుకకు అచ్చట చోటు దొరకదు. పిచ్చుకలు తగ్గుటకు గూళ్లకు తావులు లేకుండుట మొదలగు కారణములు పెక్కు గలవు గాని, గింజను ఎన్నుకొనుటయందలి లోపమును మనము నేడే దిద్దుకొనవచ్చును.

పావురము గింజను పొట్టుతోనే మ్రింగును. పిచ్చుకయు జీనువాయియు ముక్కుతో పొట్టు ఒలిచి లోపలిదానిని తినును. కావున వీనికి కొఱ్ఱలు, సామలు, వరిగలు వంటి చిఱుధాన్యములు తగినవి. దంపని గింజయే మేలు. అది చాలకాలము నిలువయుండును. అమెరికాలో 1980లో గైస్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పరిశోధనలోను పక్షులు మిక్కిలి కోరినవానిలో తెల్లవరిగ యొకటిగా తేలినది. మన మెట్టపొలముల గింజకు అంత గిరాకి యున్నదని మన మెఱుగము! ఇక వరికుచ్చు మాట: పిచ్చుక కంకిని పట్టుకొని వ్రేలాడగలదు, బరువైన పావురము వ్రేలాడలేదు. మన పెద్దల ఏర్పాటులో ఈ సౌకర్యముకూడ కలదు.

అన్నిటికంటె ముఖ్యమైన విషయము వేఱొకటి. విత్తగా మిగిలిన విత్తనమును పిట్టలకు పోయరాదు. ఎఱ్ఱగానో, నీలముగానో, పచ్చగానో రంగు పూసిన విత్తనమునకు మందు పట్టించియుందురు. ఇమిడాక్లోప్రిడ్ పట్టించిన గింజలు కొలదిగా తిన్నను పిచ్చుకంత పక్షి ప్రాణము పోవచ్చును. కడిగి ఎండబెట్టినంతమాత్రమున ఆ విషము పోయినదని నమ్మరాదు. అట్టి విత్తనమును కోళ్లకును వేయకుడు, అమ్మకపు ధాన్యములో కలుపకుడు. పొలములో ఒలికిన గింజలను వెంటనే మట్టితో కప్పవలెను. బూజుపట్టిన మొక్కజొన్న, వేరుసెనగలయందును విషము పుట్టును. మనము తినరానిది పిట్టకును పెట్టరాదు.

సాయంకాలమునకు చెల్లిపోవునంత మాత్రమే పోసి, పళ్లెమును తఱచు కడిగి ఎండబెట్టవలెను. రెట్టతో కలిసిన మేతవలన పక్షులకు రోగములు అంటుకొనును. ప్రక్కన మట్టిమూకుడులో నీరుంచుట మంచిది.

పిచ్చుక పంటను తినునుగదా యని కొందఱు సభ్యులు అడుగవచ్చును. తినును. కాని పిల్లలకు అది పురుగులనే ఏఱి తెచ్చి పెట్టును. చైనాలో 1958లో పిచ్చుకలను పనిగట్టుకొని చంపించిరి, పురుగులు పెచ్చుపెరిగినవి, 1960లో వానిని శత్రువుల పట్టికనుండి తొలగించి నల్లులను చేర్చిరి. పెరటి కూరపాదులపై మందు చల్లుచు ఒకప్రక్క కొఱ్ఱలు పోసినచో తల్లిపిట్టకు మేత దొరకును గాని గూటిలోని పిల్లకు దొరకదు.