గోదోహన కాలం

కాలాన్ని కొలవడానికి మన పెద్దలు ఘడియలు, విఘడియలతో పాటు నిత్యజీవితంలోని పనులను కూడా కొలతలుగా స్వీకరించారు. కనురెప్ప వాల్చి ఎత్తే వ్యవధిని నిమేషమన్నారు. ఆవు పాలు పితకడానికి పట్టే సమయాన్ని గోదోహన కాలమన్నారు. ఈ రెండవ కొలత మన ధర్మగ్రంథాలలో ఒక ముఖ్యమైన సందర్భంలో కనబడుతుంది.

విష్ణుపురాణం తృతీయాంశంలో ఔర్వ మహర్షి సగర చక్రవర్తికి గృహస్థ ధర్మాలను బోధిస్తాడు. గృహస్థుడు స్నాన సంధ్యాదులు, దేవతార్చన ముగించి, వైశ్వదేవం చేసి, భూతబలి సమర్పించిన పిమ్మట వెంటనే భోజనానికి కూర్చుండరాదు. ఇంటి ముంగిట గోదోహన కాలం పాటు, వీలైతే అంతకంటె ఎక్కువసేపు, అతిథి కొరకు ఎదురుచూస్తూ నిలువవలెను. ఎవరైనా వస్తే ఆదరించి భోజనం పెట్టిన పిదపనే తాను భుజించవలెను.

ఈ విధిని నేను మొదటిసారి చదివినప్పుడు ఆతిథ్యాన్ని గురించిన అనేక నియమాలలో ఇది ఒకటి అనుకొని ముందుకు సాగిపోయాను. మన ఆలయ సత్సంగంలో పాఠం చెప్పడం మొదలుపెట్టిన తరువాత దీని లోతు క్రమంగా తెలియవచ్చినది. ఇందులో ఎంత వండవలెనన్న లెక్క లేదు. ఎంతమందికి పెట్టవలెనన్న సంఖ్య లేదు. వేచి ఉండుము అని మాత్రమే ఉన్నది. సంపన్నునకైనా, పేదకైనా ఆవు పాలు పితికేంత సమయం ఒకటే. అందుచేత ఈ ధర్మం నుండి ఎవరికీ మినహాయింపు లేదు.

పంచయజ్ఞాలలో మనిషికి గల స్థానం

గృహస్థుడు ప్రతిదినం ఆచరించవలసిన ఐదు మహాయజ్ఞాలను మనుస్మృతి మూడవ అధ్యాయం వివరించినది. వేదాధ్యయన అధ్యాపనలు బ్రహ్మయజ్ఞం, తర్పణం పితృయజ్ఞం, హోమం దేవయజ్ఞం, సకల ప్రాణులకు ఆహారం పెట్టడం భూతయజ్ఞం, అతిథిని పూజించడం మనుష్యయజ్ఞం.

ఈ యజ్ఞాలు ఎందుకు చేయవలెనో అక్కడే కారణం కూడా చెప్పబడినది. ప్రతి ఇంటిలోను తెలియకుండానే ప్రాణిహింస జరిగే తావులు ఐదున్నవి. అవి పొయ్యి, నూరే రాయి, చీపురు, రోలు రోకలి, నీళ్ళ కుండ. మనం వంట చేసుకొన్నా, ఇల్లు ఊడ్చుకొన్నా ఎన్నో సూక్ష్మప్రాణులు నశిస్తాయి. అంటే మన బ్రతుకు ఇతర ప్రాణుల త్యాగం మీద సాగుతున్నది. ఆ ఋణానికి పరిహారంగా ఐదు యజ్ఞాలు విధించబడినవి. పరులకు చేసే చిన్న ఉపకారాన్ని మన పూర్వులు గొప్పతనంగా భావించలేదు. ఋణంలో కొంత భాగం తీర్చుకోవడంగా భావించారు. ఈ దృష్టి కలిగినప్పుడు, పెట్టిన చేతికి గర్వం అంటదు.

అతిథి అనగా ఎవరు?

రాకకు తిథి నియమం లేనివాడు అతిథి. పిలిచిన బంధువు, ముందుగా కబురు చేసి వచ్చిన స్నేహితుడు మనకు ప్రియమైనవారే గాని, ఈ శాస్త్రార్థంలో అతిథులు కారు. ఎక్కడివాడో, ఎందుకు వచ్చాడో తెలియనివాడు, అలసినవాడు, ఆకలిగొన్నవాడు అతిథి. అట్టివానిని గోత్రమేదని, ఏ వేదశాఖ అని, ఎంత చదివినావని ప్రశ్నించరాదని పరాశరస్మృతి విధించినది. ఈ నిషేధంలో ఎంతో కరుణ ఉన్నది. ఆకలితో ఉన్నవాడు ముందుగా తన యోగ్యతను నిరూపించుకొనవలసి వస్తే, ఆ అన్నం గొంతు దిగదు.

శ్రీమద్భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుని చరిత్ర ఈ ధర్మానికి పరాకాష్ఠ. ఆ మహారాజు ఉన్నదంతా దానం చేసి కుటుంబంతో సహా నలువది ఎనిమిది దినాలు నీరు కూడా లేకుండా గడిపాడు. మరునాటి ఉదయం కొంత పాయసం, కొంత భక్ష్యం, కాసిని నీళ్ళు లభించాయి. భుజింపబోయే సమయానికి ఒక బ్రాహ్మణుడు వచ్చాడు. అతనికి భాగం పెట్టి పంపాడు. తరువాత ఒక శూద్రుడు వచ్చాడు. అతనికీ పెట్టాడు. అటుపిమ్మట కుక్కలతో ఒకడు వచ్చి, తనకూ తన కుక్కలకూ ఆకలిగా ఉన్నదన్నాడు. మిగిలిన అన్నమంతా ఇచ్చి, ఆ కుక్కలకు కూడా నమస్కరించాడు. చివరకు ఒక్కరికి చాలినన్ని నీళ్ళు మిగిలాయి. అంతలో సమాజం అంత్యజుడని దూరంగా ఉంచిన ఒకడు దాహమంటూ వచ్చాడు. ఆ నీరు కూడా రంతిదేవుడు ఇచ్చివేశాడు. తనకు అష్టసిద్ధులు గాని మోక్షం గాని అవసరం లేదనీ, సకల జీవుల హృదయాలలో నిలిచి వారి దుఃఖాన్ని తాను అనుభవిస్తే చాలుననీ ఆయన ప్రార్థించాడు. వచ్చినవారు మారువేషంలోని దేవతలని రంతిదేవునికి తరువాత తెలిసినది. పెట్టేటప్పుడు తెలియదు. ఈ కథలో మనం ప్రధానంగా గ్రహించవలసినది అదే.

మన గోదావరి సీమలో

ఇది పురాణకాలానికే చెల్లిందని ఎవరైనా అంటే, వారికి మన నేల మీదనే ఒక సమాధానం ఉన్నది. గోదావరి పాయల నడుమ ఉన్న లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు నివసించారు. ఆమె 1841లో జన్మించి 1909లో పరమపదించారు. ఆనాడు లంక గ్రామాలకు వంతెనలు లేవు. పడవ దిగి కాలినడకన పోయే బాటసారులకు త్రోవలో అన్నం దొరకడం కష్టం. వేళ కాని వేళ ఎవరు వచ్చి తలుపు తట్టినా ఆ ఇంట పొయ్యి వెలిగేది. కులమేదని, పని ఏమని ప్రశ్న లేదు. అందుకే జనం ఆమెను అపర అన్నపూర్ణ అన్నారు.

ఆమెను గురించి కోనసీమలో ఒక వృత్తాంతం చెప్పుకొంటారు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని దర్శించవలెనని ఎంతోకాలంగా కోరుకొన్న సీతమ్మగారు ఒకనాడు బయలుదేరారు. దారిలో విశ్రమించి ఉండగా, ఎదురుగా వస్తున్న ఒక బృందంలోని పిల్లలు ఆకలికి ఏడవడం, గన్నవరం చేరితే సీతమ్మగారి ఇంట అన్నం దొరుకుతుందని పెద్దలు వారిని ఊరడించడం ఆమె చెవిన పడినది. వెంటనే ఆమె ప్రయాణం మానుకొని వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట చేసి సిద్ధంగా ఉన్నారట. స్వామి దర్శనం వాయిదా పడినదని ఆమె చింతించలేదు. ఆ పిల్లల రూపంలో స్వామియే ఎదురు వచ్చాడని ఆమె విశ్వాసం.

నేడు వైనతేయ నదిపై గన్నవరం వద్ద గల అక్విడక్టుకు ఆమె పేరు ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టినది.

తలుపు వేసిన ఇండ్లలో

ఈ విషయం పాఠంగా చెప్పిన ఒక ఆదివారం ఒక సోదరి లేచి, “మాస్టారూ, మాది నాలుగో అంతస్తు. కింద వాచ్‌మన్ ఉంటాడు. నేను గుమ్మంలో ఎంతసేపు నిలబడినా అతిథి ఎక్కడి నుంచి వస్తాడు?” అని అడిగారు. సభలో అందరూ నవ్వారు గాని, ఆ ప్రశ్న నన్ను కొన్ని దినాలు ఆలోచింపజేసినది.

అతిథులు లేకపోలేదు. వారి వేషం మారినది. మండుటెండలో పార్సిలు తెచ్చి నాలుగు అంతస్తులు ఎక్కిన కుర్రవాడు అతిథియే. ఆసుపత్రి వరండాలో చీటీ చేతబట్టుకొని, ఏ గదికి పోవాలో తెలియక నిలబడిన పల్లెటూరి వృద్ధుడు అతిథియే. బస్సు మీద రాసిన ఊరి పేరు చదువలేక పక్కవారి ముఖం చూసే తల్లి అతిథియే. వీరెవరూ మన ఇంట విందు కోరరు. చెంబెడు నీళ్ళు, ఒక మంచిమాట, పది అడుగులు తోడు వస్తే చాలు. వారికి ఇవ్వడానికి మన వద్ద లేనిది వస్తువు కాదు, గోదోహన కాలం. ఆ కొద్ది నిమిషాలు ఆగగలిగితే మనుష్యయజ్ఞం ఆనాటికి పూర్తి అయినట్లే.

వేసవిలో చలివేంద్రం పెట్టడం మన ఊళ్ళలో చిరకాలంగా వస్తున్న ఆచారం. ఇసుక పరచి, కొత్త కుండలు పెట్టి, తడిగుడ్డ చుట్టి, దారిన పోయే అందరికీ నీళ్ళు, మజ్జిగ ఇస్తారు. పందిరి వేసే శక్తి లేనివారు ఇంటి గేటు పక్కన ఒక కుండ, ఒక గ్లాసు ఉంచి, రోజూ కడిగి నింపినా చాలు. పిట్టగోడ మీద పక్షులకు మూకుడులో నీళ్ళు పెడితే భూతయజ్ఞం కూడా నెరవేరుతుంది.

ఆగవలసిన చోట

ఈ కొద్ది నిమిషాలే ఒక్కొక్కసారి ప్రాణం నిలుపుతాయి. రోడ్డు మీద ప్రమాదం జరిగినప్పుడు ఎందరో చూస్తూ సాగిపోవడానికి కారణం నిర్దయ కాదు, భయం. పోలీసులు, కోర్టులు అంటూ తిప్పుతారేమోనని వెనుకాడతారు. ఈ భయం తీర్చే చట్టం వచ్చినదని భక్తులందరూ తెలిసికొనవలెను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఎ అనే సెక్షను చేర్చారు. సద్బుద్ధితో, ప్రతిఫలం ఆశించకుండా క్షతగాత్రునికి సాయపడిన వ్యక్తిపై, ఆ సాయంలో పొరపాటు దొర్లినందుకు సివిల్ గాని క్రిమినల్ గాని బాధ్యత మోపరాదని అది చెబుతున్నది. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయరాదని 2020లో వచ్చిన నియమాలు కూడా ఉన్నవి. గాయపడిన తరువాతి మొదటి గంట అమూల్యమైనదని అదే చట్టం గుర్తించినది.

కావున అట్టి సందర్భంలో ఆగి, 108కి ఫోను చేసి, వాహనాలు మీదికి రాకుండా చూడండి. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలి ఉండవచ్చును గనుక, మంట వంటి ప్రమాదం లేనిదే కదపకండి. స్పృహ లేనివాని నోట నీళ్ళు పోయకండి. అవి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదమున్నది. దయకు తెలివి తోడు కావలెను.

ఇరుగు పొరుగు

ఒకే ఊరివానిని అతిథిగా లెక్కించరాదని మనుస్మృతి చెప్పినది. పొరుగువాడు ఒకనాడు వచ్చి పోయేవాడు కాడు. అతనితో బంధం నిత్యమైనది. ఒకప్పుడు పాలు తోడు వేయడానికి ఇంట మజ్జిగ లేకపోతే చిన్న గిన్నె పట్టుకొని పక్కింటికి వెళ్ళేవారు. “పిన్నిగారూ, తోడుకు కాస్త మజ్జిగ ఇస్తారా?” అన్న ఆ పలకరింపులోనే ఇంటి క్షేమసమాచారాలన్నీ తెలిసేవి. పెరుగు దుకాణంలో దొరకడం సౌకర్యమే గాని, ఆ పలకరింపు దుకాణంలో దొరకదు.

మేము నివసించే భవనంలో ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటారు. పిల్లలు విదేశంలో ఉన్నారు. ప్రతి ఉదయం ఆరింటికల్లా తలుపు తీసి పాల ప్యాకెట్టు లోపలికి తీసుకోవడం ఆయన అలవాటు. ఒకనాడు ఏడున్నర దాటినా ఆ ప్యాకెట్టు గుమ్మం వద్దనే ఉండడం ఎదురింటి అమ్మాయి గమనించినది. ఆమె ఉద్యోగానికి వెళ్ళే తొందరలో ఉన్నది. అయినా ఆగి, బెల్లు కొట్టి, జవాబు రాకపోవడంతో నన్ను, వాచ్‌మన్‌ను పిలిచినది. తలుపు తీయించి చూస్తే ఆయన స్నానాలగదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి, లేవలేక ఉన్నారు. నీరసంతో కేక కూడా బయటికి వినబడలేదు. సకాలంలో శస్త్రచికిత్స జరిగి నేడు చేతికర్ర సాయంతో నడుస్తున్నారు. “అమ్మాయీ, ఆ రోజు నువ్వు బస్సు ఎక్కేసి ఉంటే?” అని ఆయన అంటే, “ఒక్క నిమిషం ఆగానంతే తాతగారూ” అన్నది. ఆ మాట విన్నప్పుడు ఔర్వ మహర్షి బోధ నాకు కన్నుల ఎదుట నిలిచినది.

ఇచ్చే విధానం

ఏమి ఇచ్చినా శ్రద్ధతో, వినయంతో, తక్కువ ఇస్తున్నామేమోనన్న సంకోచంతో ఇవ్వవలెనని తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి బోధిస్తున్నది. సిగ్గుపడవలసినది పుచ్చుకొనేవాడు కాదు, ఇచ్చేవాడు. పులిహోర పొట్లం ఇచ్చి ఫొటో తీసుకొనే వేళ ఈ మాట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అట్లే వివేకం కూడా అవసరం. ఒంటరిగా ఉన్న స్త్రీలు, వృద్ధులు అపరిచితులకు తలుపు తీయనవసరం లేదు. కిటికీలోంచి దారి చెప్పినా, పొరుగువారిని పిలిచి సాయం చేయించినా ధర్మానికి లోపం రాదు.

భగవద్బంధువులారా! ఈ మాసంలో ఒక చిన్న నియమం స్వీకరించండి. భోజనానికి కూర్చుండే ముందు గోదోహన కాలం పాటు ఆగండి. తలుపు వద్దనో, బాల్కనీలోనో నిలబడి, మెట్ల మీద ఎవరైనా బరువుతో ఎక్కుతున్నారా, ఎదురింటి దీపం వెలిగిందా, గేటు వద్ద కుండలో నీళ్ళున్నాయా చూడండి. ఎవరూ రాకపోతే వేచి ఉన్న పుణ్యం మీదే. ఎవరైనా వస్తే, వారిని స్వామి పంపాడని తలచి ఎదురు వెళ్ళండి.